పంట నష్టం రాసుకున్నారు, పొలంలో పడ్డ ఇసుక సంగతేంటి?

లంకకోడలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం అండి. మాది కోనసీమ, గౌతమి పాయ పక్కన ఒక లంక. ఏటిగట్టుకి లోపల, అంటే గట్టుకీ గోదారికీ మధ్యన, మా మామగారి పేరు మీద ఎకరం నలభై సెంట్లు పట్టా భూమి ఉంది. దానికి ఆనుకుని ఇంకో ఎకరం కౌలుకి చేస్తున్నాం. సొంత భూమిలో కర్పూర అరటి, కౌలు భూమిలో పసుపు, కంద. కౌలు కార్డు ఉంది, రెండిటికీ ఈ-క్రాప్ (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నమోదు చేసేది) అయింది.

ఈసారి వరదకి తోటలోకి నీళ్లొచ్చి చాలా రోజులు తీయలేదు. గెలలతో ఉన్న అరటి పడిపోయింది, పసుపు దుంప కుళ్లిపోయింది. అంతవరకు లంకలో పుట్టిన వాళ్లకి కొత్త కాదు. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే సొంత భూమిలో ఏటి వైపు ముప్పాతిక ఎకరం మీద ఇసుక మేట వేసేసింది. బోదెలు ఎక్కడున్నాయో తెలియడం లేదు. కొన్నిచోట్ల జానెడు, కొన్నిచోట్ల మోకాలి లోతు. కౌలు భూమిలో కొంచెం తక్కువే కానీ అక్కడా ఒక మూల బాగా పడింది.

సచివాలయం నుంచి ఇద్దరు వచ్చారు. పాపం ఎండలో తిరిగి ఫోటోలు తీసుకున్నారు, పంట ఎంత శాతం పోయిందో రాసుకున్నారు. మరి ఈ ఇసుక ఎందులో రాస్తారు బాబూ అని అడిగితే, మాకు చెప్పింది పంట వరకేనమ్మా అన్నారు. పంట మళ్లీ వేసుకుంటామండి, అప్పు చేసైనా వేసుకుంటాం. వేయడానికి నేల బయటపడాలి కదా. పొక్లెయిన్ అతన్ని అడిగితే గంటకింత అని చెప్పాడు, ఆ లెక్కన మా ఆయన రాత్రంతా నిద్రపోలేదు.

నేను అడిగేవి ఇవి. ఇసుక తీయించుకోవడానికి ప్రభుత్వం విడిగా ఏమైనా ఇస్తుందా? ఇస్తే ఎవర్ని అడగాలి? కౌలు భూమి ఆసామి కాకినాడలో ఉంటారు, ఆయన "తీయించుకుని చేసుకుంటే చేసుకో, లేకపోతే వదిలెయ్" అంటున్నారు. డబ్బులు ఆయన ఖాతాలో పడితే మా పరిస్థితేంటి? ఇంకొకటి, ఇసుక అమ్ముకుంటే ఖర్చులు వచ్చేస్తాయి అంటున్నారు మా పక్క రైతులు. అలా చేయొచ్చా?

పాతఆర్‌ఐ:

అమ్మా, మీరు అడిగిన పద్దు ఉంది. చాలామంది రైతులకి తెలియక, తెలిసినవాళ్లు చెప్పక, అడిగేవాళ్లు లేక అది మిగిలిపోతోంది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా, అదే ఆర్‌ఐగా, పనిచేసి రిటైరయ్యాను, లంక మండలాల్లోనే ఎక్కువ సర్వీసు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు చేయాల్సిన పని: కొలత అయ్యేదాకా ఇసుకని కదపకండి. పొక్లెయిన్‌ని ఆపండి. సాయం రావాలంటే మేట మూడు అంగుళాల కంటే ఎక్కువ మందం ఉందని ప్రభుత్వ అధికారి ధ్రువీకరించాలి. తీసేశాక ధ్రువీకరించడానికి అక్కడ ఏం ఉండదు. తొందరపడి సొంత డబ్బుతో చదును చేయించుకుని తర్వాత మా దగ్గరికి వచ్చినవాళ్లని చూశాను. వాళ్ల కష్టం కళ్లకి కనిపిస్తున్నా ఏమీ రాయలేకపోయేవాళ్లం.

విపత్తు సాయంలో రైతుకి రెండు వేర్వేరు పద్దులు ఉంటాయి. పంటకిచ్చేది ఇన్‌పుట్ సబ్సిడీ. పంట 33 శాతం, ఆపైన పోతే వస్తుంది. 2015కి ముందు ఇది 50 శాతం ఉండేది. మీ దగ్గరికి వచ్చినవాళ్లు రాసుకున్నది ఇదే. రెండోది భూమికి జరిగిన నష్టం. ఇసుక మేట, ఒండ్రు తీయడం, చేపల చెరువుల పూడిక, నది కోతకి భూమి పోవడం ఇందులోకి వస్తాయి. ఇవన్నీ రాష్ట్ర విపత్తు స్పందన నిధి, అదే ఎస్‌డీఆర్‌ఎఫ్, నిబంధనల్లోనే ఉన్నాయి. ఆ నిధిలో మన రాష్ట్రానికి కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం.

2022 అక్టోబరులో కేంద్ర హోంశాఖ సవరించిన రేట్ల ప్రకారం ఇసుక మేట తీయడానికి హెక్టారుకు 18,000 రూపాయలు, ఒక రైతుకి కనీసం 2,200కి తగ్గకుండా. అంతకుముందు 12,200 ఉండేది. రెండు హెక్టార్ల లోపు ఉన్న రైతులకే ఇది. అదే పనికి ఇంకో ప్రభుత్వ పథకం కింద డబ్బు తీసుకుని ఉండకూడదు. నది దారి మార్చుకుని భూమినే కోసుకుపోతే హెక్టారుకు 47,000. అది మాత్రం రెవెన్యూ రికార్డుల్లో హక్కు ఉన్న చిన్న, సన్నకారు రైతుకే అని నిబంధనలోనే రాసి ఉంది.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఎకరానికి దాదాపు 7,290 రూపాయలు. మీ ముప్పాతిక ఎకరానికి 5,470 దాకా వస్తుంది. సగటున అడుగు లోతు ఇసుక ఉందనుకుంటే ముప్పాతిక ఎకరంలో 32,670 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రక్కుకి వంద ఘనపుటడుగులు వేసుకున్నా 327 ట్రక్కులు. అంటే ట్రక్కుకి పదిహేడు రూపాయలు కూడా పడదు. ఎత్తుడుకూలికే చాలదు. మూడున్నర అంగుళాలు పడ్డ పొలానికీ మూడు అడుగులు పడ్డ పొలానికీ ఒకటే రేటు ఇవ్వడం అన్యాయం అని నేను సర్వీసులో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. లోతుని బట్టి రేటు ఉండాలి. ధ్రువీకరించడానికి లోతు ఎలాగూ కొలుస్తున్నారు కదా, ఆ అంకెని డబ్బు లెక్కలోకి ఎందుకు తీసుకోరు?

అయినా సరే వదులుకోవద్దు. ఎంత చిన్న మొత్తమైనా రికార్డులోకి ఎక్కితే ఈ లంకలో ఇంత విస్తీర్ణం ఇసుక కింద పడింది అని పైకి తెలుస్తుంది. రాయకపోతే ఆ నష్టం జరగనట్టే లెక్క. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయింది. అప్పుడు ఇసుక కింద పడ్డ లంక భూముల గురించి ఇప్పటికీ ముసలివాళ్లు చెబుతారు, కాగితం మీద వెతికితే దొరకదు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అప్పుడు కూడా మాట్లాడుకున్నదంతా పంట గురించే.

దరఖాస్తు తహసీల్దారు పేరు మీద రాయండి, నకలు వ్యవసాయ అధికారికీ, మీది అరటి కాబట్టి ఉద్యాన అధికారికీ ఇవ్వండి. సర్వే నంబరు, మొత్తం విస్తీర్ణం, అందులో ఇసుక పడింది ఎన్ని సెంట్లు, ఎక్కడ ఎంత లోతు, ఇవి స్పష్టంగా ఉండాలి. వన్‌ బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ కాగితం) నకలు, పాస్‌బుక్ జిరాక్స్ జతచేయండి. ఆ పైన సచివాలయంలో జాబితా అంటించినప్పుడు మీ పేరు ఏ పద్దు కింద ఉందో చూడండి. పేరుంది కదా అని వచ్చేయకండి, పంట పద్దులో ఉండి భూమి పద్దులో లేకపోవచ్చు.

ఇసుక అమ్మకం విషయం. పట్టా భూమిలో పడ్డ ఇసుక అయినా సరే, బయటికి తోలాలంటే గనుల శాఖ అనుమతి ఉండాలి. అది లేకుండా ట్రాక్టరు గట్టెక్కితే బండి సీజ్ చేస్తారు, కేసు మీ సర్వే నంబరు మీదకి వస్తుంది. మీ పొలంలోనే ఒక పక్కకి పోగేసుకోవచ్చు. పక్కవాళ్ల మాట విని తొందరపడకండి తల్లీ.

కౌలుపొలం (ఆచంట వైపు):

అక్కా, ఆర్‌ఐ గారు అన్నీ చెప్పారు, కౌలు సంగతి నేను చెబుతాను. అనుభవించినవాణ్ణి.

పంట డబ్బు ఈ-క్రాప్‌లో ఎవరి పేరుంటే వాళ్లకి వస్తుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఇచ్చిన కౌలు కార్డు ఉంటే అక్కడ మనకి కొంత బలం ఉంది. భూమి పద్దు దగ్గరికి వచ్చేసరికి పాస్‌బుక్ ఎవరిది అని అడుగుతారు. మా పొలంలో ఇసుక ఎత్తించింది నేను, మా నాన్న, మా తమ్ముడు. డబ్బు ఆసామి ఖాతాలో పడింది. అడిగితే వచ్చే ఏడాది కౌల్లో సర్దుతా అన్నాడు, వచ్చే ఏడాది భూమి ఇంకొకళ్లకి ఇచ్చాడు. బాగుచేసిన భూమి కాబట్టి కౌలు పెంచి మరీ ఇచ్చాడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇంకో సంగతి, ఆ కార్డు గడువు పదకొండు నెలలే. విపత్తు డబ్బు విడుదలయ్యేసరికి కార్డు చచ్చిపోయి ఉంటుంది. కాబట్టి ఇప్పుడే జిరాక్స్ తీసి దరఖాస్తుకి జతచేయండి.

ఇసుక మీద పార వేసే ముందు ఆసామితో కాగితం రాయించుకోండి. సాయం డబ్బు ఆయనకి పడితే మీకు ఇవ్వాలి, లేదా మీరు పెట్టిన ఖర్చు కౌల్లో తగ్గించాలి, ఇంకో రెండేళ్లు భూమి మీ దగ్గరే ఉండాలి. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఒప్పుకోకపోతే ఆ ఎకరం వదిలేయండి అక్కా. చెప్పడానికి బాధగానే ఉంది.

అరటితోట (ఆత్రేయపురం):

ఆర్‌ఐ గారి మాటకి ఎదురు చెబుతున్నానని అనుకోవద్దు. ఇసుకని అసలు కదపకండి అన్నారు. అరటికి అది కుదరదండి. పడిపోయిన చెట్టు మొదట్లో పిలకలు ఇంకా బతికి ఉంటాయి. మొదలు చుట్టూ ఇసుక కప్పేసి ఉంటే గాలి ఆడక దుంప కుళ్లిపోతుంది. అధికారులు వచ్చేది ఎప్పుడో తెలియదు. కొలతకి కొంత ముక్క అలాగే ఉంచేసి, మిగతా చోట మొదళ్ల చుట్టూ చేత్తో, పారతో ఇసుక లాగేయండి. పిలక బతికితే విత్తనం కొనే ఖర్చు తప్పుతుంది.

ఇంకో మాట. పడిందంతా ఇసుకేనా, ఒండ్రు కూడా ఉందా చూసుకోండి. నీరు దూకుడుగా వచ్చిన చోట ఇసుక పడుతుంది, నిలబడిన చోట సన్నటి ఒండ్రు దిగుతుంది. అందుకే లంక ఎగువ తలలో ఇసుక, దిగువ తోకలో ఒండ్రు. ఆ ఒండ్రు మన లంకలకి పెట్టుబడి లేని ఎరువు, దాన్ని ఎత్తి పారేయించుకున్నవాళ్లూ ఉన్నారు. చేతిలోకి తీసుకుని తడిపి ఉండ చేయండి. ఉండ నిలిస్తే దున్ని కలిపేయండి, జారిపోతే ఇసుక.

జానెడు లోపు ఇసుకైతే తీయకుండా లోతుగా దున్ని కింద మట్టిని పైకి తేవచ్చు. తర్వాత జీలుగో, పిల్లిపెసరో చల్లి పూతకి రాగానే కలియదున్నండి, పశువుల ఎరువు దొరికినంత వేయండి. మోకాలి లోతు ఉన్న చోట మాత్రం యంత్రం తప్పదు. ఆ చోట డబ్బు కుదిరేదాకా వేసవిలో దోస, పుచ్చ పెట్టుకోండి, నీళ్లు మాత్రం కొంచెం కొంచెంగా తరచూ పెట్టాలి, ఇసుకలో తడి నిలవదు.

నరసాపురంకుర్రాడు (ప్రస్తుతం అమెరికా, ఒమాహా):

ఈ చర్చ చదువుతుంటే ఇక్కడి సంగతి రాయాలనిపించింది. 2019 మార్చిలో నెబ్రాస్కా, అయోవాల్లో మిస్సోరీ నదికి పెద్ద వరద వచ్చింది. మా ఆఫీసులో ఒకాయన కుటుంబానికి నది పక్కన మొక్కజొన్న పొలం ఉంది. వాళ్ల పొలంలో కూడా అచ్చం లంకలో పడినట్టే ఇసుక పడింది.

ఇక్కడ పంటకి బీమా వేరు, నేలకి సాయం వేరు. నేలకిచ్చేదాన్ని ఎమర్జెన్సీ కన్సర్వేషన్ ప్రోగ్రామ్ అంటారు, 1978 చట్టం కింద వచ్చింది. వ్యవసాయ శాఖకి కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఉండే ఆఫీసుల ద్వారా నడుస్తుంది. శిథిలాలు తీయడం, నేల చదును చేయడం, పోయిన కంచెలు వేయడం, నేల కొట్టుకుపోకుండా కట్టిన గట్లు బాగుచేయడం ఇందులోకి వస్తాయి. హెక్టారుకింత అని ఉండదు. అయిన ఖర్చులో 75 శాతం దాకా ఇస్తారు. బాగా తక్కువ వనరులున్న రైతులకి, కొత్తగా సేద్యంలోకి వచ్చినవాళ్లకి 90 శాతం దాకా. మొత్తం సాయం ఆ భూమి విలువలో సగం దాటకూడదు, ఒక విపత్తుకి ఒక మనిషికి 5 లక్షల డాలర్లు దాటకూడదు.

ఆర్‌ఐ గారు అన్న కదపకండి అనే నియమం ఇక్కడా ఉంది. పని మొదలుపెట్టకముందే దరఖాస్తు ఇవ్వాలి, వాళ్లొచ్చి చూసుకోవాలి. పని అయ్యాక బిల్లులు చూపిస్తే డబ్బు. కౌలుపొలం అన్నకి ఒక ముఖ్యమైన విషయం. ఖర్చు ఎవరు భరించారో వాళ్లకే సాయం. భూమిలో కౌలు హక్కు ఉండి ఖర్చు తనే పెట్టుకుంటే కౌలుదారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. మన దగ్గర ఈ ఒక్కటి తెచ్చుకుంటే ఎంతమంది బతుకుతారో అనిపించింది.

అన్నీ బాగున్నాయని చెప్పడం లేదు. డబ్బు అమెరికన్ కాంగ్రెస్ మంజూరు చేసినప్పుడే ఉంటుంది, లేకపోతే ఎదురుచూడాలి. నష్టం అసాధారణమైనది అయ్యుండాలి, అదే చోట తరచూ వచ్చే రకం అయ్యుండకూడదు అని చట్టంలోనే ఉంది. ఈ షరతు మన దగ్గర పెడితే గట్టు లోపలి లంకలకి ఒక్క రూపాయి రాదు. కాబట్టి మొత్తం పట్టుకొచ్చి పెట్టమని నేను అనను. ఎవరికి ఎంత ఇచ్చారో మాత్రం ఇక్కడ దాపరికం లేదు. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ప్రభుత్వ రికార్డులు తీసుకుని వ్యవసాయ సబ్సిడీల లెక్కలు కౌంటీల వారీగా ఇంటర్నెట్‌లో పెడుతుంది. ఊళ్లో ఎవరైనా చూసుకోవచ్చు.

పాతఆర్‌ఐ:

అరటితోట గారు చెప్పింది సబబే. అరటికి అలాగే చేయండి. కొలతకి ఉంచే ముక్క మాత్రం ఇసుక ఎక్కువ ఉన్నచోట ఒకటి, తక్కువ ఉన్నచోట ఒకటి ఉండాలి. ఒక్క లోతైన చోటే ఉంచితే మీరు కావాలని చూపిస్తున్నారంటారు. గుంట తీసి పాత నల్లమట్టి కనిపించేదాకా వెళ్లండి, స్కేలు నిలబెట్టి ఫోటో తీయండి, ఫోటోలో తేదీ, లొకేషన్ వచ్చేలా ఫోన్‌లో పెట్టుకోండి. సర్పంచినో, ఇద్దరు పక్క రైతులనో పిలిచి వాళ్ల ఎదురుగా కొలిచి కాగితం రాసి సంతకాలు తీసుకోండి. అది అధికారిక పంచనామా అవ్వదు, కానీ రేపు ఎవరైనా ఇసుక లేదంటే చూపించడానికి మీ చేతిలో ఒకటి ఉంటుంది.

ఖర్చు పెట్టినవాడికే సాయం అన్న ఒమాహా బాబు మాట నాకు బాగా నచ్చింది. మన దగ్గర కూడా ఈ-క్రాప్‌లో సాగుదారు పేరు ఉంటోంది. భూమి పద్దుకి కూడా ఆ పేరే ఆధారం చేసుకుంటే పెద్ద కష్టమేమీ లేదు. హక్కు ఆసామిదే ఉంటుంది, ఇసుక ఎత్తిన కూలి ఎత్తినవాడికి చేరుతుంది. ఆసాములు భయపడాల్సింది ఏముంది ఇందులో?

లంకకోడలు:

అందరికీ దండాలండి. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు మాకు.

పొక్లెయిన్ ఆపేశాం. పక్క రైతుల్ని పిలిచి గుంటలు తీసి కొలిచాం. ఏటి ఒడ్డున పంతొమ్మిది అంగుళాలు, మధ్యలో పదకొండు, ఇంటి వైపు నాలుగు. ఇంటి వైపు ఉన్నది ఉండ చేస్తే నిలిచింది, దాన్ని దున్నేస్తాం. మొదళ్ల చుట్టూ ఇసుక లాగుతుంటే పచ్చగా పిలకలు కనిపించాయి కొన్ని. మా అత్తగారు అక్కడే కూర్చుండిపోయారు.

కొలతలు చూశాక మా లంక ఎగువ వైపు వాళ్లూ వాళ్ల గుంటలు తీసుకున్నారు. అందరం కలిసి విడివిడి దరఖాస్తులు ఒకేసారి ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. సర్వేకి మనిషిని పంపుతామన్నారు.

ఆసామి గారితో మా ఆయన ఫోన్‌లో మాట్లాడారు. రెండేళ్లు భూమి మీ దగ్గరే అని రాసిస్తానన్నారు, సాయం డబ్బు సంగతి మాత్రం అప్పుడు చూద్దాం అంటున్నారు. అది కూడా కాగితం మీద పెట్టేదాకా ఆ ఎకరంలో పార వేయం అని చెప్పేశాం.

ఆర్‌ఐ గారూ, ఒక్కటి చెప్పండి. అరటి, ఇసుక రెండూ ఒకే సర్వే నంబరులో ఉన్నాయి కదా, ఒకటి రాశారు కాబట్టి రెండోది రాయం అంటే ఏమనాలి?

పాతఆర్‌ఐ:

పంటకి ఇచ్చేది విత్తనం, ఎరువు పోయినందుకు, దీనికి ఇచ్చేది నేల బాగుచేసుకోవడానికి, నిబంధనల్లో రెండు వేర్వేరు అంశాలు అని చెప్పండి. నోటితో అంటే వినరు, దరఖాస్తులోనే ఆ వాక్యం రాసి ఉండాలి. రాయకపోతే రేపు ఇంకో కాగితం ఇచ్చి పాత రసీదు నంబరు దాని మీద వేయించండి. జాబితా అంటించాక అభ్యంతరాలకి ఎక్కువ గడువు ఇవ్వరు, కాబట్టి ఎవరో ఒకరు రోజూ సచివాలయం వైపు వెళ్లి చూసి వస్తుండండి. కౌలు ఎకరంలో పడ్డ మూల కూడా కొలిచారా? కొలవకపోతే అదీ ఇప్పుడే కొలిచేయండి, ఆసామి ఏం రాసిచ్చినా ఆ అంకె కావాలి.